పైనుంచి చూస్తున్నారు, చెయ్యి ఊపండి

పందొమ్మిది వందల తొంభై మూడు, జూన్ ఏడు, సోమవారం. ఉదయం తొమ్మిది గంటలకు, మడతలు చెదరని కొత్త యూనిఫాంలో మన వినోద ఉద్యానవనం వెనక గేటు దగ్గర నిలబడి, "పడవల దగ్గర పనికి రమ్మన్నారండీ, ఎటు వెళ్లాలి?" అని వాచ్‌మన్‌ను అడిగిన నాటికి ముక్కుగారి వయసు ఇరవై ఎనిమిదేళ్లు. ముప్పై రెండేళ్ల నిర్విరామ సేవానంతరం, ఈ ఆగస్టు ముప్పై ఒకటో తేదీ సాయంత్రం, అదే గేటు గుండా వారు సగౌరవంగా పదవీ విరమణ చేస్తున్నారు. వారికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆఫీసు కాగితాల్లో భద్రంగానే ఉంది. అయితే ఆ పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి ఇంకెవరినో పిలుస్తున్నారేమోనని చూస్తారు కాబట్టి, ఈ వ్యాసంలోనూ ముక్కుగారనే సంబోధించినందుకు వారి కుటుంబ సభ్యులు మన్నించాలి. అన్నట్టు, ఈ నాలుగు మాటలూ రాసే భారం పిల్లల రైలు డ్రైవరు నెత్తిన పడింది. రెండు ట్రిప్పుల మధ్య పుస్తకం చదువుతూ దొరికిపోవడమే అతను చేసిన నేరం.

తొలి పన్నెండేళ్లు ముక్కుగారు పడవల రేవులో పనిచేశారు. పడవ ఎక్కే ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ తొడిగి, పట్టీ బిగించి, పంపడం వారి విధి. చూడటానికి సులువే. కానీ సెలవు రోజున సరదాగా వచ్చిన మనిషికి ఇది చెయ్యండి, అది చెయ్యకండి అంటే ఒళ్లు మండుతుంది. "మాకు ఈత వచ్చులేవయ్యా" అని విసుక్కునే పెద్దమనుషులను, "మీకు వచ్చండీ, పడవకే రాదు" అని నవ్వించి, ఆ నవ్వు ఆగేలోపు పట్టీ బిగించేసేవారట. తరువాతి ఉద్యోగానికి అవసరమైన విద్యనంతా వారు ఆ రేవులోనే అభ్యసించారని ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే తెలుస్తోంది.

రెండువేల ఐదులో మన పార్కులో పొగతాగడం నిషేధించారు. పార్కింగ్ స్థలం దాటాక, ప్రహరీ గోడ పక్కన ఒక రేకుల షెడ్డు వేసి, కాల్చుకోదలచినవారు అక్కడికే వెళ్లాలన్నారు. నియమం రాయడానికి ఒక్క పూట పట్టింది. దాన్ని అమలు చేసే మనిషి కోసం మూడు వారాలు వెతికారు. ఎవరిని అడిగినా, "అమ్మో, జనంతో తన్నులు తినడం నా వల్ల కాదు" అని తప్పుకున్నారు. అప్పటికే రేవు ఒడ్డున కూర్చుని, అవతలి గట్టున ఎవరో అగ్గిపుల్ల గీశారని వాసనతోనే చెప్పగల ఘనులని ముక్కుగారికి పేరు. అలా వారు ధూమపాన నిషేధ పర్యవేక్షకులయ్యారు. అంత పొడుగు పేరు ఎవరికీ నోరు తిరగక, వారం తిరిగేసరికి ముక్కుగారయ్యారు.

మొదటి నెల వారి పద్ధతి వేరు. మెడలో విజిల్, చేతిలో జరిమానా పుస్తకం. వాసన తగలగానే విజిల్ ఊది, పదిమందిలో పట్టుకుని నిలదీసేవారు. ఒకనాడు రంగులరాట్నం దగ్గర ఒక తండ్రిని అలాగే పట్టుకున్నారు. ఆయన తలవంచుకుని నిలబడ్డాడు. పక్కనే ఉన్న ఐదేళ్ల పాప ముక్కుగారి ప్యాంటు పట్టుకుని, "మా నాన్నని తీసుకుపోతారా? నేను ఇంటికి ఎలా వెళ్లాలి?" అని వెక్కివెక్కి ఏడ్చింది. ముక్కుగారు ఆ పుస్తకంలో చీటీ చింపలేదు. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదని వారి శ్రీమతి చెప్పారు. మర్నాడు విజిల్ వంటింటి అలమరలోకి పోయింది, మళ్లీ బయటికి రాలేదు.

దాని స్థానంలో వచ్చినదే మనమంతా ఎరిగిన ఆ చిన్న స్టీలు డబ్బా, అడుగున రెండు వేళ్ల మందాన ఇసుక. ఇక వారి పద్ధతి చూసి తీరవలసిందే. జెయింట్ వీల్ కింద కాలుస్తున్న మనిషి పక్కకు వెళ్లి, అతను ఎటు చూస్తున్నాడో తామూ అటే చూస్తూ నిలబడేవారు.

"మీవాళ్లు ఏ తొట్టిలో ఉన్నారండీ?"

"అదుగో, ఆ పసుపు తొట్టి. మా అమ్మాయి."

"అబ్బో, పైదాకా వెళ్లిపోయింది! మిమ్మల్నే చూస్తోందండీ, చెయ్యి ఊపండి, చెయ్యి ఊపండి!"

ఆ మనిషి గబుక్కున చెయ్యెత్తబోతాడు. ఆ చేతిలో సిగరెట్టు ఉంటుంది. కూతురు చూస్తుందేమోనని కంగారుపడి కిందికి చూసేసరికి, మూత తెరిచిన డబ్బా సిద్ధంగా ఉంటుంది. సిగరెట్టు ఇసుకలోకి, చెయ్యి గాల్లోకి. పైనుంచి పాప కేరింతలు కొడుతుంది. ఆ తరువాతే, "మళ్లీ కావాలనిపిస్తే గోడ పక్కన షెడ్డుందండీ, బెంచీ కూడా వేశాం" అని దారి చూపేవారు. ఆ బెంచీ వారు స్వయంగా పాత పడవ చెక్కలతో చేసినది. అక్కడికి వెళ్లినవాళ్లు శిక్ష అనుభవిస్తున్నట్టు నిలబడకూడదన్నది వారి పట్టుదల. పిల్లలు లేకుండా వచ్చినవాళ్లతో సైతం ఎవరో ఒకరి పిల్లలకు చెయ్యి ఊపించిన సమర్థులు వారు. ఇరవై ఏళ్లలో ఒక్క కొట్లాట జరగలేదు.

ఇక ఐదేళ్ల కిందటి సంగతి. దీన్ని రాయవచ్చునా అని డ్రైవరు చాలా తటపటాయించాడు. ముక్కుగారికి ఒక జ్వరం వచ్చింది, పది రోజుల్లో తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ వాసన చూసే శక్తిని కాస్తా పట్టుకుపోయింది. మొదట ఇంట్లోనే బయటపడింది. శ్రీమతి పక్కింటికి వెళ్లి వచ్చేసరికి, పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లగా బొగ్గయిపోయింది. ఇల్లంతా పొగ వాసన. ముక్కుగారు వంటింటికి వీపు తిప్పుకుని తాపీగా పేపరు చదువుతున్నారు.

"ఏమండీ, ఇల్లు తగలబడేలా ఉంది, మీకు వాసనే రావట్లేదా?"

ముక్కుగారు పేపరు మడిచారు. "రావట్లేదే. మూడు వారాలైంది. పార్కులో ఎవరికీ చెప్పకు" అన్నారు. ఆ మాట చెబుతూ ఆ తల్లి ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటారు. ఆయనకు ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, ఆ పేరు పెట్టి పిలిచిన ప్రతివాళ్లనూ మోసం చేస్తున్నానన్న బాధే ఎక్కువగా ఉండేదట.

మరో రెండు నెలలు కళ్లతోనే నెట్టుకొచ్చారు. అంతలో బొమ్మల గది ఉదంతం జరిగింది. రింగులు విసిరే ఆటలో గెలిచినవారికి ఇచ్చే గుడ్డ బొమ్మలను ఒక చిన్న గదిలో కుప్పపోసి ఉంచేవారు. ఎవరో కాల్చి పారేసిన ముక్క కిటికీలోంచి ఆ కుప్ప మీద పడి రాజుకుంది. ముక్కుగారు ఆ కిటికీకి నాలుగడుగుల దూరంలో, దానికి వీపు పెట్టి, ఒక వృద్ధురాలికి దారి చెబుతున్నారు. లోపల బొమ్మలు సర్దుతున్న అమ్మాయి దగ్గుతూ బయటికి పరుగెత్తుకొచ్చింది. రైల్లోంచి పొగ చూసిన డ్రైవరు బండి ఆపి, నీళ్ల బకెట్టుతో దూకాడు. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. తడిసిన బొమ్మలను వరసగా ఎండలో ఆరబెడుతున్నప్పుడు ముక్కుగారు కూడా వచ్చి సాయం చేశారు. మాడిన బొమ్మ ఒకదాన్ని వారు పదేపదే ముక్కు దగ్గర పెట్టుకోవడం డ్రైవరు చూశాడు.

ఆ సాయంత్రమే వారు మేనేజరు గారి బల్ల మీద ఒక ఉత్తరం పెట్టి వెళ్లారు. తమకు ఘ్రాణశక్తి నశించిందనీ, బొమ్మల గదిలో జరిగినదానికి తామే బాధ్యులమనీ, తమను ఈ విధుల నుంచి తప్పించవలసినదనీ అందులో విన్నవించుకున్నారు. జవాబు రాలేదు. మర్నాడూ రాలేదు, ఆ నెలా రాలేదు. అడిగే ధైర్యం వారికి చాలలేదు. బదిలీ అయినా, తొలగింపు అయినా ఒకటో తారీఖునే చెబుతారన్నది వారి లెక్క. అందుకని ప్రతి నెలా ఒకటో తారీఖున ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, "ఇవాళ పిలుస్తారేమోనే" అని శ్రీమతికి చెప్పి బయల్దేరేవారు. ఐదేళ్లపాటు ఒక్క నెల కూడా తప్పలేదు.

ఇంతలో పార్కులో ఒక వింత మొదలైంది. ప్రకటనలు చదివే మన మైకు అక్కయ్య రోజుకు నాలుగైదు సార్లు, "సందర్శకులకు మనవి. జెయింట్ వీల్ వద్ద ఒక చిన్నపిల్ల ఎడమకాలి చెప్పు దొరికినది" అనో, "పడవల రేవు వద్ద కుడికాలి చెప్పు దొరికినది" అనో చెప్పసాగారు. ముక్కుగారు సహజంగానే పరోపకారులు కనుక, ఆ చెప్పేదో చూద్దామని వెళ్లేవారు. చెప్పు ఉండేది కాదు. ఎడమకాలిదన్నప్పుడు ఎడమవైపు, కుడికాలిదన్నప్పుడు కుడివైపు, ఎవరో ఒకరు కాలుస్తూ మాత్రం కనబడేవారు. ఏ యంత్రం దగ్గరున్నవారికి పొగ తగిలినా ఇంటర్‌కంలో అక్కయ్యకు చెప్పడం, అక్కయ్య చెప్పు సంగతి ప్రకటించడం, ఇదీ ఏర్పాటు. ఒక కంపెనీవాళ్లు విహారయాత్రకు వచ్చిన రోజున అక్కయ్య ఒకేసారి తొమ్మిది చెప్పులు దొరికినట్టు ప్రకటించేసరికి, సందర్శకులంతా తమ పిల్లల కాళ్ల వంక చూసుకున్నారు.

ముక్కుగారికి విషయం అర్థం కావడానికి వారం పట్టింది. అర్థమైన మర్నాడు ఉదయం వారు మైకు గదికి వెళ్లి, జేబులోంచి ఎర్రటి చిన్న చెప్పు ఒకటి తీసి, అక్కయ్య బల్ల మీద పెట్టారు. వారి అమ్మాయి రెండేళ్లప్పుడు తొడుక్కున్నది.

"ఇదుగో తల్లీ, ఇన్నాళ్లకు దొరికింది. ఎడమకాలిదే. ఇకమీద అబద్ధం చెప్పానన్న బెంగ నీకుండకూడదు."

అక్కయ్యకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఆ చెప్పు నాటి నుంచి నేటి వరకు ఆమె సొరుగులోనే ఉంది. ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇదంతా రైలు డ్రైవరు నిర్వాకమని, బొమ్మల గది దగ్గర తమను చూసి అతనే పసిగట్టి అందరికీ చెప్పాడని ముక్కుగారు నేటికీ నమ్ముతున్నారు. వెళ్తూ వెళ్తూ రైలు వైపు చూసి తల ఊపుతుంటారు కూడా. తనది కాని ఆ మెప్పును ఐదేళ్లు నోరు మూసుకుని అనుభవించిన డ్రైవరు, దాన్ని ఇవాళ అసలు హక్కుదారుకు అప్పగించవలసి ఉంది.

ముక్కుగారూ, మీరు ఉత్తరం పెట్టి వెళ్లిన ఆ సాయంత్రం, గేట్లు మూశాక, మేనేజరు గారు మా పదిహేడుమందినీ తమ గదికి పిలిపించారు. మన మేడమ్ సంగతి తెలిసిందే కదా, నవ్వితే జీతం కోస్తారన్నట్టు ఉంటారు. మీ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా పైకి చదివారు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇక్కడ పదిహేడు ముక్కులున్నాయి. పొగ ఎక్కడుందో కనిపెట్టడానికి అవి చాలు. కాలుస్తున్న మనిషి చేతిలోంచి సిగరెట్టు తీయించి, వాణ్ణి నవ్విస్తూ పంపించగలిగినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు.

"అందుకే దీనికి నేను జవాబివ్వను. సరే అంటే ఆయన వెళ్లిపోతారు. వద్దంటే, దయతలచి ఉంచారని రోజూ కుమిలిపోతారు. పరిశీలనలో పెడతాను. ఆయన ముందు ఎవరూ ముక్కు మాట ఎత్తకండి. మిగతాది మీరే చూసుకోండి."

చెప్పుల ఉపాయం అక్కయ్యది. కానీ మొదలుపెట్టినవారు మేడమ్. మొన్న ఈ సంచిక కోసం ఫోటోలకని డ్రైవరు మీ ఇంటికి వచ్చినప్పుడు, ఒకటో తారీఖు ఇస్త్రీ చొక్కా సంగతి మీ శ్రీమతి చెప్పారు. అతను అది తెచ్చి మేడమ్‌కు చెప్పాడు. ఆవిడ, "ఐదేళ్లా? అయ్యో. ఒక్కసారి పిలిచి టీ ఇచ్చి కూర్చోబెట్టాల్సిందయ్యా. నాకు తోచనే లేదు" అన్నారు. ఈ విషయం వ్యాసంలో రాయమని ఆదేశించినవారు కూడా ఆవిడే. మా అందరి తరఫునా ఆ ఐదేళ్ల ఒకటో తారీఖులకు క్షమాపణ కోరుతున్నాం.

మీ చేతిలోని సంచికలో మాత్రమే, ఈ పేజీకి ఎదురుగా, ఒక పాత కాగితం గుచ్చి ఉంటుంది. అది మీ ఉత్తరమే. అంచున మేడమ్ చేతిరాతలో, ఏడాదికొకటి చొప్పున, తేదీలతో సహా, "పరిశీలనలో ఉంది" అని ఐదుసార్లు రాసి ఉంది. దాని కింద కొత్త సిరాతో ఇలా ఉంది: "విన్నపాన్ని మన్నించడమైనది. ధూమపాన నిషేధ పర్యవేక్షకులను వారి కోరిక మేరకు ఈ విధుల నుంచి తప్పించడమైనది. ఈ ఉత్తర్వు ఆగస్టు ముప్పై ఒకటో తేదీ సాయంత్రం, గేట్లు మూసిన తరువాత అమల్లోకి వస్తుంది."

ముక్కుగారికి, వారి సహధర్మచారిణికి, చిరంజీవి అమ్మాయికి దీర్ఘాయువు, చక్కని ఆరోగ్యం, నిశ్చింతగా నిద్రపట్టే రాత్రులు, తొందరలేని ఉదయాలు కలగాలని సిబ్బంది అందరమూ మనసారా కోరుకుంటున్నాం. ముప్పై రెండేళ్లలో మీరు ఒక్కనాడూ మా రైలెక్కలేదు, డ్యూటీలో ఉన్నానంటూ దాటవేశారు. ఇక ఆ సాకు చెల్లదు. సెప్టెంబరు ఒకటి ఉదయం, చొక్కా ఇస్త్రీ చేయకుండానే, మీ ఇద్దరూ రండి. మొదటి పెట్టెలో మీ సీట్లు ఖాళీగా ఉంటాయి. రైలు పైవంతెన మీదికి ఎక్కినప్పుడు ఒకసారి కిందికి చూడండి. మేడమ్‌తో సహా మేమంతా వరసగా నిలబడి, మీకు చెయ్యి ఊపుతూ ఉంటాం.