తలుపుతో సహా తాళం

తాళాలు తయారుచేసే చిన్న కార్ఖానా. అక్క వీధి తలుపు బందుల మరలు విప్పుతోంది. తలుపు మీద పడకుండా తమ్ముడు పట్టుకుని నిలబడ్డాడు.

“విదేశీ ప్రదర్శనలో స్టాలు ప్రభుత్వమే ఇస్తోంది, సరుకు పంపే ఖర్చూ వాళ్ళదే. ఒక్క తాళం గాజుపెట్టెలో పెట్టమంటే నీ సొమ్మేం పోయిందక్కా?”

“గాజుపెట్టెలో పెడితే అది తాళమా, బొమ్మా? కొనేవాణ్ణి ముందు తియ్యమని, వాడు చేతులెత్తేశాకే కదరా మనం అమ్మేది! అక్కడా అంతే. తలుపు పట్టుకెళ్తాను, దానికి తాళం వేస్తాను, దమ్మున్నవాణ్ణి వచ్చి తియ్యమంటాను.”

“తలుపు తెస్తే స్టాలు రద్దు చేస్తానన్నారు స్టాళ్ళు కేటాయించే ఆఫీసరుగారు.”

“అన్నాడు. ఇలాంటి తాళాలు మా అటెండరు చిటికెలో తీసేస్తాడని కూడా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయితే తీయించండి చూద్దాం అని, ఆయన బీరువాకే మన తాళం వేసి వచ్చాను.”

“ఒప్పుకున్నారా?”

“ఎంచక్కా నవ్వుతూ ఒప్పుకున్నాడు. తాళంచెవి నా దగ్గరే ఉంది.”

ఫోను మోగింది. తమ్ముడు ఒక చేత్తో తలుపు పట్టుకునే మాట్లాడి, పెట్టేశాడు.

“అక్కా, ఆఫీసరుగారే. అటెండరు వల్ల కాలేదట, పక్క గదులవాళ్ళ వల్లా కాలేదట. ఆఫీసు ముద్రలన్నీ ఆ బీరువాలోనే ఉన్నాయట. తాళంచెవి తీసుకుని ఉన్నపళంగా రమ్మంటున్నారు.”

“పద వెళ్దాం. ఆ చివర గట్టిగా పట్టుకో. తలుపు కూడా వస్తోంది.”