నీలం డ్రమ్ములో మంచినీళ్ళు

రాజమండ్రిలో వెంకటరాజుగారి ఇల్లు. మధ్యాహ్నం మూడైంది. ఆ ఇంట్లో పనిచేసే ప్రిస్కిల్లా, సముద్రపు చేపలూ పగడాలూ ఉన్న తొట్టి గురించి అక్వేరియం కొట్టు విజయ్ పాల్‌కి ఫోను చేసింది.

“...చచ్చిపోలేదండి, ఇంకా చచ్చిపోలేదు. మూలకి చేరి రొప్పుతున్నాయి.”

“పగడాలెలా ఉన్నాయక్కా?”

“పువ్వుల్లా విచ్చుకునేవి కదండి, అన్నీ ముడుచుకుపోయాయి. ఒకటైతే తెల్లగా పాలిపోయింది. రాజుగారమ్మాయి సాయిదుర్గమ్మగారు నాలుగింటి బండికి దిగుతున్నారు. పోయినేడు తన చేపలు చచ్చిపోతే మూడు నెలలు ఇంటికి ఫోనే చెయ్యలేదండి ఆవిడ.”

“ఏడవకండి. ఉప్పు కొలిచే సెలైనిటీ మీటరు అద్దం మీద చుక్క నీళ్ళేసి, కంటికి పెట్టుకుని చూడండి.”

“చూశామండి. నలభై ఒకటి.”

“నలభై ఒకటా! ముప్పై అయిదు దాటకూడదని చెప్పానా లేదా? పగడాలకిచ్చిన మందులు ఎన్ని మూతలు పోశారు?”

“రెండు సీసాల్లోవీ పోశామండి.”

“ఎన్ని మూతలక్కా?”

“రెండేసి అన్నారు కదండి. ముడుచుకుంటున్నాయి, నీరసమేమోనని... నాలుగేసి.”

“టానిక్కు అనుకున్నారా? ఆ రెండు మందులూ కలిస్తే చివరికి మిగిలేది ఉప్పే! అయినా దానికే ఇంత పెరగదే. నీళ్ళు తగ్గినప్పుడు ఏం పోశారు?”

“మంచినీళ్ళేనండి. మీరు చెప్పినట్టే. రోజూ బక్కెట్టు.”

“ఎక్కడివి?”

“నీలం డ్రమ్ములోవండి.”

“నీలం డ్రమ్మా? అవి నేను ఉప్పు కలిపి పెట్టినవి! ఆవిరయ్యేది నీళ్ళే అక్కా, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. దాని మీద మళ్ళీ ఉప్పునీళ్ళా? మంచినీళ్ళంటే మనం తాగేవి!”

“కుళాయి నీళ్ళు చేపలకి మంచివి కావని మీరే అన్నారటగా అండి. మరి వాటికి మంచి నీళ్ళంటే డ్రమ్ములోవే అనుకున్నాం...”

“రాజుగారికి అంతా విడమరిచి చెప్పానే. ఆయన మీకు సరిగ్గా చెప్పలేదా?”

“చెప్పారండి! చాలా సరిగ్గా చెప్పారు.”

“మరి ఏ బుర్ర తక్కువ మనిషి పోశాడు?”

“అలా అనకండి... పోశామండి. నేనే. తాగేనీళ్ళ తెల్ల క్యాన్లు రెండున్నాయి, ఇప్పుడే ఒంపెయ్యనా?”

“ఆగండి, ఆగండి! ఒక్కసారి తగ్గిస్తే బతికున్నవి కూడా పోతాయి. తొట్టిలోంచి బక్కెట్టు నీళ్ళు తీసి, క్యాను నీళ్ళు సన్నటి ధారగా పోయండి. రోజుకి ఒక పాయింటు తగ్గాలి, అంతే. మందులు ఆపేయండి.”

“అంటే సాయంత్రానికి విచ్చుకోవా?”

“వారం పడుతుంది. అప్పటికీ ఆ తెల్లబడింది నమ్మకం లేదు.”

“అయ్యో ప్రభువా! అమ్మాయిగారు నన్నింక ఈ ఇంట్లో ఉండనివ్వరండి.”

“రాజుగారితో నేను మాట్లాడతాలెండి. తెలియక పోసిందని చెప్తాను.”

“వద్దండి! మీకు దణ్ణం పెడతాను, ఆయనతో ఏమీ అనకండి.”

“ఎందుకక్కా అంత భయం? ఆయన మంచివారే కదా?”

“ఉండండి. కారు గేటు దాటనివ్వండి... వెళ్ళారు. స్టేషన్‌కి.”

“ఎవరు?”

“రాజుగారండి. ఇప్పటిదాకా నా పక్కనే నిలబడ్డారు. పోసింది ఆయనే. అమ్మాయిగారు అడిగితే నేను పోశానని చెప్పమని, నా రెండు చేతులూ పట్టుకున్నారండి.”