గిర్నీ మిస్త్రీ కాయ పప్పు

"నానమ్మా, ఈ పచ్చ ఆపిల్‌ను గిర్నీ మిస్త్రీ కాయ అంటవేంది?"

అగో, నీకింకా ఎర్కలేదా? ఆ కాయ లేకుంటె నువ్వే లేవు పిల్లా. నవ్వకు, కూసో. గా కత్తి ఇటియ్యి, తొక్క గింత మందం తీస్తరా ఎవలన్న?

మీ నాయిన పెండ్లి మాటలప్పుడు. మీ తాతది నోరు ఊకుంటదా? మలక్‌పేటల మీ అమ్మమ్మోళ్ల ఇంటికి పోయి, "మా ఇంటామె మామిడికాయ పప్పు తిని సూడుర్రి, ఎప్పుడొచ్చినా సరే" అన్నడు. వాళ్లు ఎప్పుడొచ్చిన్రు? చలికాలంల! మా ఇల్లు సూసుకునేటందుకు. పిల్లనిచ్చేటోళ్లాయె, పప్పు లేదంటె మీ తాత మాటకు ఇలువేముంటది? మా కార్వాన్ బస్తీ అంత తిరిగిన, ఒక్క మామిడికాయ లేదు. చింతపండు ఏస్తె మీ అమ్మమ్మకు తెల్వదా? ఏడుపొచ్చింది బిడ్డా, ఉత్తగ చెప్తలేను.

ఆఖరికి చార్మినార్ కాడ ఒక పండ్ల బండి. పచ్చగ, నున్నగ కాయలు. "ఏ క్యా హై భాయ్?" అన్న. "సేబ్ హై అమ్మా, ఖట్టా. గ్రానీ స్మిత్" అన్నడు, పుల్లటి ఆపిలన్నట్టు. ఆటోల లొల్లిల నాకు గిర్నీ మిస్త్రీ అని ఇనవడ్డది. మన గల్లీల పిండి గిర్నీ లేదా, దాన్ని బాగుచేసే మిస్త్రీ... ఆయన పెరట్ల కాసినయేమో అనుకున్న.

ఒకటి కొరికిన. అబ్బ, నోట్ల పండ్లు పులిసినయ్. ఎర్ర కాశ్మీర్ ఆపిల్ ఏస్తె పప్పు పాయసమైతది. ఇదైతె మామిడికాయ తీర్గనే. ఎల్లిపాయ, ఎండుమిర్చి పోపు పెట్టిన. మీ అమ్మమ్మ మల్లొకసారి ఏయించుకున్నది. "ఈ కాలంల కాయలు ఏడియి వదినా?" అన్నది. "గిర్నీ మిస్త్రీయి" అన్న. నేనైతె అబద్ధమాడలే.

ఆమె ఊకున్నదా? పోతపోత గిర్నీ కాడ ఆగి, మిస్త్రీని కాయలడిగింది! ఆయన మొఖమంత పిండి. "నా కాడ చెట్టేడిదమ్మా, జొన్నపిండి ఉన్నది, ఇయ్యాల్నా?" అన్నడంట. మల్ల మా ఇంటికే తిరిగొచ్చింది. ఇగ సంబంధం పాయె అనుకున్న. మిగిలిన కాయ తెచ్చి ఆమె చేతుల వెట్టిన. కొరికింది, మొఖం ఇట్ల వెట్టింది... ఇగ ఒకటే నవ్వుడు. "మామిడికాయ దొరకకుంటె ఆపిల్‌తోనన్న పప్పు చేసినవ్. ఈ ఇంట్ల నా బిడ్డ ఉపాసముండదు వదినా" అన్నది. గట్ల ఖాయమైంది మీ అమ్మ సంబంధం.

ఆనక ఆ కాయతోనే తొక్కు పచ్చడి నూరిన, పులిహోరల తురిమిన, ఏడ ఏసినా మంచిగనే... ఏంది, ఫోన్ల ఏం సదువుతున్నవ్? దేశంగాని దేశంల ఒక ముసలామె ఇంటి కాడ, పారేసిన గింజలకు మొలిచిందా గీ చెట్టు? గ్రానీ అంటె నానమ్మనా, స్మిత్ అంటె ఆమె పేరా? ఓ అవ్వ! ఇన్నేండ్లు ఆమె పేరు తీస్కపోయి మిస్త్రీకి పెట్టిన్నా నేను!

సల్లగుండు బిడ్డా, నీ చేతుల పడ్డ గింజ గూడ కాయ కాయాలె. ఆ గింజలు పారెయ్యకు, గా కుండీల వెయ్యి. మొలిస్తె నీ పేరే పెడ్త. మిస్త్రీకి మాత్రం చెప్పకు.