రెప్పపాటు నిలిచిన నిప్పు

ఆవడి దాటాక తిరుత్తణి లోకల్ రైల్లో జనం పలచబడ్డారు. కూతురి పొడుగాటి జడను చూడలేక కిటికీ బయటికి చూస్తూ కూర్చున్న అమ్మ ఎట్టకేలకు నోరు విప్పింది.

“మీ ల్యాబ్‌లో ఆ నిప్పు నిలిస్తే నీకు గుండు కొట్టిస్తానని తిరుత్తణి మురుగన్‌కు మొక్కుకొన్న్యా పాపా.”

“నా జుట్టును నువ్వు మొక్కినావా?”

“మూడేండ్లుగా ఏడస్తా ఉంటివి కదా! ఇంతకీ ఎట్ల నిలిచె?”

“ఆ నిప్పును, అదే ప్లాస్మాను, అయస్కాంతాలతో పట్టిపెట్టినా, అంచులో సుడులు లేచి వేడంతా బయటికి పోతా ఉండె మా. ఈసారి ఆ అంచును జోరుగా పారించినాము. ఆ జోరుకు సుడులన్నీ తునకలైపోయె. వేడి లోపలే నిలిచె!”

“ఎంతసేపు?”

“రెప్పపాటు.”

అమ్మకు ప్రాణం లేచొచ్చింది.

“అంతేనా! దానికి గుండెందుకు? మూడు కత్తెర్లిస్తే చాలు. సామి ఏమీ అనుకోడు.”

“నేనొప్పుకోను మా! జరగదని నవ్వినోళ్లే లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు. మొత్తం మొట్టై కొట్టించు.”

“మళ్లీ పెరిగేదానికి ఏండ్లు పడుతుందే!”

“పెరగనీ. అంతలోపల ఆ రెప్పపాటును గంట చేస్తా. ఈసారి మాత్రం నీ జుట్టు మొక్కుకో.”