కడుపుతో ఉన్న తుపాకి

మద్దిలేటి తుపాకి కొన్నాడంట. అదేందిరా, కాలి కింద చీమ పడితే అయ్యో అనేటోడు తుపాకి కొనేదేందని ఊరంతా నవ్వినారంట. వాడేం చేస్తాడు చెప్పు. ముందటేడు కొండ మీదినుంచి అడవిపందులు దిగి రెండెకరాల మొక్కజొన్నను పొర్లి పొర్లి తినేసి పోయినాయి. ఈ ఏడు గూడా పోతే మొగుడూ పెండ్లాం మూట కట్టుకోని మిరప కోతలకు గుంటూరు పోవాల్సిందే అనుకో. డబ్బాలు కొట్టినాడు, పాతచీరలు కట్టినాడు, టపాకాయలు కాల్చినాడు. పందులు రెండ్రోజులు బెదిరేటివంట, మూడోరోజు చుట్టాల మాదిరి వచ్చేటివంట. ఆఖరికి లైసెన్సుకూ, పందుల్ని కొట్టేదానికీ కాగితాల కోసం ఆర్నెల్లు ఆఫీసుల చుట్టూ తిరిగినాడు. కాగితాలైతే వచ్చినాయి, కొత్తది కొనే స్తోమత యాడుంది? వాడిన తుపాకి అగ్గవకు ఇస్తాడని మౌలాలి సాయిబు ఇంటికి పోయినాడంట. సాయిబు టౌన్లో బ్యాంకు కాడ కాపలా చేసి రిటైరై వచ్చినోడు. ఆయప్ప కాడ ఒంటిగొట్టం తుపాకి ఉండె. దాంట్లో ఒక్క తూటానే పడ్తాది. కాల్చినాక నడిమికి మడిచి, కాలింది తీసేసి, ఇంకోటి పెట్టుకోవాల.

ఏమైందంటే, నేనూ వస్తా అనిందంట ఈరమ్మ. ఈరమ్మ అంటే మద్దిలేటి పెండ్లాం. కుండ కొన్యా, గుమ్మడికాయ కొన్యా ఆయమ్మ వేలు మడిచి కొట్టి చూడంది తీసుకోదు. తుపాకిని గూడా ఒళ్లో పెట్టుకోని గొట్టం మీద టకటకా కొట్టి చెవి పెట్టి ఇనిందంట. సాయిబు నవ్వి, అమ్మా దాన్ని అట్ల కాదు చూసేది, ఇట్ల మడిచి, లోపల తూటా లేదని చూసుకోని, ఈ పక్కనుంచి ఆకాశం చూడు, గుండ్రంగా తేటగా కనపడాల, లోపల గుంటలు గుంటలుగా తుప్పుంటే నాదైనా సరే తీసుకోవద్దు అన్నాడంట. ఆయమ్మ ఒక కన్ను మూసి చూసి, బాగుంది సాయిబన్నా, కొసన గోడ మీద మీ కోడిపుంజు గూడా కనపడ్తాంది అనింది. సాయిబు గబుక్కున గొట్టం పక్కకు తిప్పినాడంట. ఖాళీదైనా కోడి మీదికి గూడా తిప్పగూడదు తల్లీ, ఇది మొదటి పాఠం అన్నాడు. కట్టె పిడి చీలిందేమో, మడిచేకాడ లొడలొడ అంటాందేమో అదీ చూపిచ్చినాడు. అయినా నా మాట నమ్మొద్దు, టౌన్లో తుపాకులు బాగుచేసే ఆయప్పకు చూపిచ్చి ఆయప్ప సరే అన్నాకనే కాల్చండి అన్నాడు. అమ్మేటోడు అట్ల చెప్పేది మీరు యాడన్నా ఇన్నారా? ఓ పిల్లా, ఆ పొత్తు సగం ఒలిచి పారేయాకు, ఇట్లియ్యి.

ఇంగ సాయిబు ఏమన్నాడంటే, మద్దిలేటీ, దీంట్లో తూటా లేదని నీకు తెల్సినా సరే, ఉందనే అనుకోవాల. లేందాన్ని ఉందనుకునేది ఎట్లని వాడికి పాలుపోలా. అప్పుడు ఈరమ్మ అందుకోని, అంటే కడుపుతో ఉన్నదాన్ని చూసుకున్నట్టు చూసుకోవాల, అంతే గదా సాయిబన్నా అనిందంట. అంతే తల్లీ, ముప్పై ఏండ్లు మోసినా నాకు ఆ మాట తోయలా అన్నాడంట సాయిబు. ఆ మాట అనింది ఎవురనుకుంటిరి? పెండ్లై ఇరవై రెండేండ్లు, తిరగని గుడి లేదు, మొక్కని దర్గా లేదు, ఒక్క కాయ కాయలా. ఆ మాట ఆయమ్మ నవ్వుతానే అనిందంట. ఇంకో మాట గూడా చెప్పినాడు సాయిబు. చేన్లో ఏదన్నా కదిల్తే దాని పేరు నోటితో బయటికి చెప్పు, కంటికి కనపడిందాని పేరే చెప్పాల, పేరు చెప్పినాకనే వేలు మీట మీద పెట్టు, పేరు రాకపోతే వేలు పోగూడదు అని వాడి చేత ఒట్టేపిచ్చుకోని తుపాకి ఇచ్చినాడంట, కాగితం మీద వాడి పేరుకు రాపిచ్చే పని గూడా ఎంట పోయి చేపిచ్చినాడు.

అప్పట్నుంచి వాళ్లింట్లో అదే మాట. తూటా ఉంటే కడుపుతో ఉంది, లేకుంటే ఖాళీ. వాడు చేను గట్టు మీదనే తూటా తీసేసి వచ్చినా సరే, ఈరమ్మ వాకిట్లో అడ్డం నిలబడి, ఏమయ్యా ఎట్లుంది అనేది. వాడు మడిచి ఇచ్చేటోడు. ఆయమ్మ ఒక కన్ను మూసి ఆకాశం చూసి, ఖాళీ, రా అనేది. తూటాల డబ్బీకి వేరే తాళం, చెవి ఆయమ్మ నడుముకు. నాకు సవతి వచ్చినా ఇంత మర్యాద ఉండదేమో అని ఎగతాళి చేసేది.

ఒకరోజు సాయంత్రం వాన పట్టింది. తూటా తడిసి ఉబ్బి గొట్టంలో ఇరుక్కుంది, ఎంత చేసినా రాలా. మద్దిలేటి ఏం చేసినాడంటే, తుపాకిని మడిచినట్టే పట్టుకోని, గొట్టం నేల చూపు పెట్టుకోని వచ్చి వాకిలి బయటనే నిలబడి, ఈరీ, దగ్గరికి రావద్దు, కడుపుతో ఉంది అని అరిచినాడంట. సాయిబుకు కబురు పోయింది, ఆయప్ప వచ్చి నిమ్మళంగా తీసినాడు. అది వేరే సంగతి. గోడ ఇవతల పక్కింటామె బట్టలు తీస్తాండె. ఆయమ్మకు ఇనపడింది రెండే ముక్కలు, ఈరీ, కడుపుతో ఉంది. ఇంగ చెప్పాల్నా? పక్కింటామె నోరు ఎట్లాంటిదో మీకు తెల్సు. దీపాలు పెట్టేలోపల నాలుగిండ్లు తిరిగొచ్చిందంట. పాపం చెడ్డబుద్ధితో కాదు, సంతోషం పట్టలేక.

తెల్లారుతుంటే పక్కింటామె లేచి, ఈరమ్మకు కాల్చిన పొత్తులంటే ప్రాణం, నోరు తీపి చేసేది ముందు నేనే కావాలని వాళ్ల చేన్లోకే లేతపొత్తులు తెంచేదానికి దూరిందంట. మనిషి మొగం ఆనవాలు పట్టీపట్టని ఎల్తురు. నల్లచీర. వంగితే మూల్గే మనిషి. మంచె మీద మద్దిలేటికి మొక్కలు ఊగేది కనపడింది, మూలుగు ఇనపడింది. ఎత్తినాడు తుపాకి. ప అనే దాకా వచ్చిందంట నోటికి. మూతి కనపడలా, తోక కనపడలా. కనపడందాని పేరు ఎట్ల చెప్తాడు? మిగిలిన పంట కండ్ల ముందర పోతాంది, వేలు దురదపెడ్తాంది, పేరు మాత్రం రాలేదు. గొట్టం ఆకాశానికి తిప్పి, మడిచి, తూటా తీసి జేబులో ఏసుకోని, ఎవురది అని అరిచినాడు.

నేనే. నేనే అంటే నేనే, ఇంగ దాచేదేముంది, ఆ పక్కింటామెను నేనే. ఇంగ అంట అనే పని లేదు. నేనే మద్దిలేటీ, కడుపుతో ఉన్నదాని కోసం వచ్చినా అంటి. భయపడాకు వదినా, తీసేసినా అనె వాడు. తీసేసేదేంది, ఇరవై రెండేండ్లకు నిలిస్తే అంటి. వాడు మంచె దిగి వచ్చి జేబులోంచి తూటా చూపిచ్చి, కడుపుతో ఉండేది ఈ తుపాకి వదినా అనె. నాకు తెలిసేసరికి పొత్తులన్నీ ఒళ్లోనుంచి నేల మీద పడినాయి.

ఇంటికి పోతే ఏముంది, నా పుణ్యాన వాకిలి నిండా ఆడోళ్లు. పసుపు, పూలు, గాజులు. ఈరమ్మ వాళ్ల నడుమ నిలబడి అవుననలేక కాదనలేక మొగం పాలిపోయి ఉండె. నేను పోయి కాళ్ల మీద పడితి. చెప్పేసినా, అంతా, గోడ కాడ్నుంచి మొక్కజొన్న దాకా. ఈరమ్మ నన్ను చూల్లేదు. మొగుని చేతిలో తుపాకి తీసుకోని, మడిచి, ఒక కన్ను మూసి ఆకాశం చూసింది. ఎంతసేపు చూసిందో. ఖాళీ అనింది. అని, నన్ను పైకి లేపి, అక్కా, ఈ ఖాళీ అనే మాట తల్చుకోని ఇరవై రెండేండ్లు ఏడ్చినా, ఇది ఇంత మంచి మాట అని ఈరోజే తెల్సింది అనింది. ఆ గాజులు తీసి, బతికి వచ్చినావు, నువ్వే ఏసుకో అని నా చేతికి ఎక్కిచ్చింది. ఇద్దరం ఏడ్చినాం. ఆ మీదట చేన్లో పడిన ఆ పొత్తులే తెప్పిచ్చి, కాల్చి అందరికీ పెట్టింది.

ఇవే ఆ గాజులు, చూడండి, రెండు పగిలినాయి. తుపాకికి పేరు చెప్పేది సాయిబు నేర్పిచ్చినాడు గానీ, నా నోటికి ఎవురూ నేర్పియ్యలా. అప్పట్నుంచి ఏదన్నా మాట నాలిక కొసకు వస్తే ముందు మడిచి ఆకాశం చూస్తానమ్మా. అబద్ధమెందుకు, అన్నిసార్లూ చూడను. మొన్న పోస్టుమాను కూతురు బస్సు కాడ ఎవురితోనో... ఆ, వద్దులే, నేను కండ్లతో చూల్లేదు. పొత్తులు ఒలవండి.