నేలమాళిగ లేని వైనరీ

పెద్దలకు, నిస్సీ గారి కుటుంబసభ్యులకు, ఆమెతో పనిచేసిన మేస్త్రీలకు నమస్కారం. ఆర్కిటెక్ట్ నిస్సీ గారు పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఆమెకు నలభై మూడేళ్లు. మచిలీపట్నంలో ఇంతమందిమి చేరాం. మనలో ఎందరం ఆమె కట్టిన వైనరీ లోపల అడుగుపెట్టాం?

నాగాయలంక దగ్గర గోవర్ధనరావు గారు నేరేడుపళ్లతో వైన్ తీసే వైనరీ తలపెట్టారు. ఫ్రాన్స్‌లో ఉన్నట్టు సీసాలు చల్లగా దాచడానికి నేలమాళిగ కావాలన్నారు. నిస్సీ గారు ముందు ప్లాను గీయలేదు. ఊళ్లో భ్రమరాంబ గారింటికి వెళ్లి, డెబ్బై ఏడు ఉప్పెనలో నీళ్లు ఎందాకా వచ్చాయని అడిగారు. ఆ పెద్దావిడ గోడమీద చెయ్యి పెట్టి, "ఇదిగో, ఇందాకా చూశాను తల్లీ. ఆ తర్వాత నేను తాటిచెట్టు మీదున్నా" అన్నారు. నిస్సీ గారు వైనరీ అరుగును ఆ చెయ్యికంటే ఎత్తున కట్టించారు.

ఓనరు గారితో ఆమె అన్న మాట మేస్త్రీ ఏసుబాబు గారు నాకు చెప్పారు. "ఇక్కడ నాలుగడుగులు తవ్వితే ఉప్పునీళ్లండీ. మీ సీసాలకు ఈత వచ్చా?"

అందుకే అరుగుమీద గుండ్రటి గది. మన పాత చుట్టిళ్లలాగా, గాలివాన గోడను రాసుకుంటూ పక్కకు పోయేలా. రెండడుగుల మట్టిగోడ, తాటిదూలాలు, పైన తాటాకు. మే నెలలోనూ లోపల చల్లగా ఉండేదట.

'ఉండేదట' అంటున్నాను. ఎందుకో చెప్పాలి.

ఆ గది గురించి మా పేపర్లో రాసింది నేనే. "వైన్‌కు కల్లుపాక" అని శీర్షిక పెట్టాను. గోవర్ధనరావు గారు ఆ పేపరు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లారు. "చుట్టాలు నవ్వుతున్నారమ్మా" అన్నారు. నెల తిరక్కుండా వేరే కాంట్రాక్టరు వచ్చాడు. గోడలు పడగొట్టి నేలమాళిగ తవ్వాడు. మొదటి వానలకే నిండింది. ఇప్పుడక్కడ వైనరీ లేదు. గుంట ఉంది.

గోడలు పడకముందే నిస్సీ గారు నాకు ఉత్తరం రాశారు. ఆ గది అలా ఎందుకుందో నాలుగు వాక్యాల్లో వివరించి, సవరణ వేయమన్నారు. స్థలం లేదన్నాను. మర్నాడు అదే పేజీలో సెల్‌ఫోన్ షాపు ప్రారంభోత్సవం ఫొటో వేశాం.

ఆ నాలుగు వాక్యాలు పేపర్లో పడితే గది నిలిచేదా? తెలియదు. తెలిసింది ఒకటే. ఆ వార్త రాసిన రోజు నేను రోడ్డుమీద నుంచే చూశాను. లోపలికి వెళ్లలేదు.

ఇక వెళ్లడానికి లేదు. దయచేసి అందరూ లేవండి. రెండు నిమిషాలు ఎవరం ఏమీ మాట్లాడొద్దు.