టెక్కలి నుంచి వచ్చే కొలత దారం

1960 జూలై ఒకటవ తేదీన ఈ ఉక్కు పట్టణపు పేట బారిడీహ్‌లోని మన తెలుగు పాఠశాలలో ఆంగ్లోపాధ్యాయినిగా చేరిన శ్రీమతి గౌరీదేవి గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారు చేరేనాటికి కుమార్తె పద్మకుమారి చంటిపిల్ల. భర్త భీమారావు గారు అంతకు కొద్ది నెలల ముందే విషజ్వరంతో స్వర్గస్థులయ్యారు. బడి వేళకు పసిదాన్ని చూసుకునే దిక్కులేక, గుండె రాయి చేసుకుని, టెక్కలిలోని తల్లి భద్రమ్మ గారి చేతుల్లో బిడ్డను పెట్టి వచ్చారు.

ఇంట తెలుగు, వీధిలో హిందీ మాట్లాడే మన పిల్లలకు వారు ఎంతో ఓర్పుతో ఇంగ్లీషు నేర్పారు. "మా అమ్మ నన్ను గ్రో చేసింది" అని రాసే పిల్లలను ఏనాడూ కసురుకోలేదు. "వంగమొక్కను గ్రో చేస్తాం. బిడ్డనైతే బ్రింగప్ చేస్తాం, రైజ్ అన్నా అదే. గ్రో అప్ అవడం మాత్రం బిడ్డ పని, మనం చూసినా, చూడకపోయినా ఆగదు" అని చెప్పేవారు. తానూ పిల్లల తల్లి కావడంతో, బడి ఆయా సన్యాసమ్మ ఆ పాఠం గుమ్మంలో నిలబడి వినేది.

"మరి మీ పాపనెవురు బ్రింగప్పు చేత్తన్నారమ్మా?"

"మా అమ్మ. నాకు గౌన్లు కుట్టే పని మిగిలింది, సన్యాసమ్మా."

పాపను వారు చూసేది వేసవి సెలవుల్లోనే. దసరా గౌను కోసం భద్రమ్మ గారు పిల్లను భుజం నుంచి మోకాలి కిందివరకూ దారంతో కొలిచి, ఊరినుంచి వచ్చేవారి చేతికిచ్చి పంపేవారు. 1973లో, టెక్కలి వెళ్లొచ్చిన పర్సుడీహ్ పేట ఫ్యాక్టరీ ఉద్యోగి ఆదిబాబు గారింటి నుంచి వచ్చిన దారం నిరుటి దారం కన్నా పొట్టిగా ఉంది. సన్యాసమ్మ రెండు దారాలనూ పక్కపక్కన పెట్టి మళ్లీ చూసింది.

"ఏటమ్మా ఇది! కాలిరిగి మంచంమీద ముడుసుకున్న పిల్లని కొలిసేరేటో!"

ఎన్నడూ సెలవు పెట్టని గౌరీదేవి గారు ఆ పూట సెలవు పెట్టి, సన్యాసమ్మతో పర్సుడీహ్ పరుగెత్తారు. డ్యూటీ దిగి వచ్చిన ఆదిబాబు గారు పగలబడి నవ్వారు.

"పిల్ల కుంచించుకుపోనాదనుకున్నారేటి? పెద్దమనిషయ్యింది! అది గౌనుకి కాదు, లంగాకి. నడుం కాడినుంచి పాదం దాకా కొలిసేరు. మీ అమ్మ సెప్పమన్నాది, నానే మరిసిపోనాను."

అందరితోపాటు నవ్వబోయిన గౌరీదేవి గారు అక్కడే అరుగుమీద కూలబడ్డారు. "నా బిడ్డ పెద్దదయిన సంగతి నాకు దారం చెప్పాలా!" అంటూ ఆ దారాన్ని కొంగుకొసన ముడివేసుకున్నారు.

తదనంతరం వారు ప్రథమ సహాయోపాధ్యాయినిగా ఎదిగి, వందలాది మంది పిల్లల్ని మెట్రిక్ గట్టెక్కించారు. నేడు పద్మకుమారి శ్రీకాకుళంలో నర్సు. ఇకనైనా వచ్చి తన దగ్గర ఉండమని తల్లికి కబురు పంపింది. గౌరీదేవి గారు మాత్రం ప్రయాణం ఖాయం చేయలేక ఊగిసలాడారు.

"పెరిగిపోయిన పిల్లకి నాతో ఏం పని, సన్యాసమ్మా?"

"పనేటమ్మా! తలంటి పొయ్యడానికి వయసుంటదేటి? ఎల్లండి!"

నిన్ననే రైలు టిక్కెట్టు కొన్నారు. చలికి తట్టుకోలేని వారి మోకాళ్లు, రాత్రి రైలు, ఆ ఊరి నీళ్లు, ఇన్నేళ్ల ఎడబాటు తెచ్చే మొహమాటం తలచుకుంటే మనకు దిగులే. అయినా, ఆ తల్లీకూతుళ్లు ఒకే కప్పు కింద, ఒకరు పెరట్లోంచి పిలిస్తే మరొకరు వంటింట్లోంచి పలికేంత దగ్గరగా, ఆయురారోగ్యాలతో చిరకాలం జీవించాలని మనసారా కోరుకుంటున్నాం.